రమ్మీ యాట: నియమములును న్యాయనిర్ణయమును

తెలుగునాట పేకాట యను మాట రెండు విధములగు వాడుకలకుఁ జెల్లుచున్నది. పండుగనాఁడు బంధువులు నలుగురు చాపపైఁ గూర్చుండి, చింతపిక్కలు లెక్కకుఁ బెట్టుకొని, ప్రొద్దుపుచ్చుట కాడునది యొకటి. మూసిన తలుపుల వెనుక ధనమును బణముగా నొడ్డి యాడునది రెండవది. ఈ రెండుచోట్లను దఱచుగా నాడఁబడు నాట యొక్కటియే. అది పదుమూఁడు ముక్కల రమ్మీ. క్రొత్తగా నేర్చువాఁడు దీని నియమము లేవి యని యడుగును. న్యాయాధిపతి యిది నేర్పుచే గెలుచు నాటయా, యదృష్టముచే గెలుచు నాటయా యని యడుగును. పైకి వేఱుగాఁ దోఁచు నీ రెండు ప్రశ్నలకును సమాధానము ఆట నియమములయందే కలదు. 1967వ సంవత్సరమున సికింద్రాబాదునుండి వచ్చిన యొక వ్యవహారమున భారత సర్వోన్నత న్యాయస్థానము చేసిన నిర్ణయమున కీ నియమములే యాధారములైనవి. ఆ నిర్ణయమున నొక భాగము లోకమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. రెండవ భాగము మఱుగునఁ బడినది. ఈ మఱుపు వలనఁ గలిగిన ఫలమును దెలియుటకుఁ బూర్వశాసనములను, ముక్కల చరిత్రమును, ఆట నియమములను గ్రమముగాఁ బరిశీలింపవలసియున్నది.

1. పూర్వశాసనములు

జూదము మన దేశమున మిగులఁ బ్రాచీనము. ఋగ్వేదము పదవ మండలములోని 34వ సూక్తము జూదరి దుఃఖమునే వస్తువుగాఁ గొన్నది. ధర్మశాస్త్రకర్త లీ విషయమున నేకాభిప్రాయులు కారు. మనువు తొమ్మిదవ యధ్యాయమునఁ బ్రాణము లేని వస్తువులతో నాడుదానిని ద్యూత మనియుఁ, బ్రాణులతో నాడించుదానిని సమాహ్వయ మనియు విభజించి, రెంటిని రాజు తన రాష్ట్రమునుండి తొలఁగింపవలె నని విధించెను. కౌటిల్యుని మార్గము వేఱు. ఆతఁడు ద్యూతాధ్యక్షు నేర్పఱిచి, జూద మొక్కచోటనే జరుగవలె ననియు, గెలిచిన ధనమునుండి నూటి కైదు వంతున నధ్యక్షుఁడు గ్రహింపవలె ననియుఁ జెప్పెను. దొంగలను గనిపెట్టుటకును నీ యేర్పాటు పనికివచ్చు నని యాతని యభిప్రాయము. యాజ్ఞవల్క్యస్మృతి సభికుఁడను పేర జూదశాలను నడపువానిని బేర్కొని, వానికి రావలసిన భాగమును, వాఁడు రాజునకుఁ జెల్లింపవలసినదానిని నిర్ణయించినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షరావ్యాఖ్యానమును బదుమూఁడవ శతాబ్దమునఁ గేతన తెనిఁగించుటచే నీ ధర్మశాస్త్రసంప్రదాయము తెలుగున కెక్కినది.

ఈ శాసనములలో నొక్కటియు నాట నేర్పుచే గెలుచునదియా, యదృష్టముచే గెలుచునదియా యని ప్రశ్నింపలేదు. వారి ప్రశ్నలు వేఱు: జూద మెవఁడు నడపుచున్నాఁడు? ఎచ్చట నడపుచున్నాఁడు? వచ్చినదానిలో నెవని కెంత భాగము? అట్లని పూర్వులు జూదమున నేర్పు గల దని యెఱుఁగనివారు కారు. నన్నయ తెనిఁగించిన యరణ్యపర్వమున నలోపాఖ్యానము కలదు. అందు ఋతుపర్ణుఁడు తాండ్రచెట్టు ఆకులను గాయలను జూపుమాత్రముననే లెక్కింపఁగల యక్షహృదయవిద్యను నలున కుపదేశించును. వైదికకాలమునఁ బాచికలుగా వాడినవి యా చెట్టు కాయలే. లెక్క తెలిసినవాఁడు జూదమున లెక్క తెలియనివానికంటె మిన్న యని యా కథ స్పష్టముగాఁ జెప్పుచున్నది.

2. ముక్కల రాక

పాచికలు ప్రాచీనములైనను, ముక్కలు మన దేశమునకు మధ్యయుగమున వచ్చినవి. బాబరు తన స్వీయచరిత్రమున హిజరీ 933వ (క్రీ. శ. 1527) సంవత్సరమున సింధుదేశములోని షా హసనునకు గంజిఫా ముక్కలను బంపినట్లు వ్రాసికొనెను. అబుల్ ఫజలు ఆయినె అక్బరీలో జాతికిఁ బండ్రెండు ముక్కల చొప్పునఁ బండ్రెండు జాతులు, అనఁగా 144 ముక్కలు గల పేకను వర్ణించెను. తరువాతఁ బ్రచారమునకు వచ్చిన మొగలాయి గంజిఫా యెనిమిది జాతులతో 96 ముక్కలు గలది. దశావతార గంజిఫా పది జాతులతో 120 ముక్కలు గలది. ప్రతిజాతియందును రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివఱకు నంకెలు నుండును. ఆ ముక్కలు తఱచుగా గుండ్రనివి, చేతితోఁ జిత్రింపఁబడినవి. మహారాష్ట్రమున సావంతవాడి, వంగదేశమున విష్ణుపురము, తెలుగునేలపై నిర్మల యీ చిత్రకళకుఁ బేరు గన్న చోట్లలోనివి. ఆ యాటలలోఁ బెద్ద ముక్క చిన్న ముక్కను గొట్టి తీసికొనును. వరుసలు గూర్చుట వాని పద్ధతి కాదు.

నేఁడు వాడుకలో నున్న నాలుగు జాతుల 52 ముక్కల పేక ఐరోపీయుల వలన వచ్చినది. దాని రాకకుఁ దెలుగు పలుకులే కొంత సాక్ష్య మిచ్చుచున్నవి. డైమను, జాకీ యను మాట లాంగ్లేయములనుటలో సందేహము లేదు. కాని కళావరు అను పేరు ఆంగ్లమునఁ గ్లబ్బు లనఁబడు జాతికిఁ జెందినది. ఆంగ్లపదమునుండి యీ రూప మేర్పడదు. డచ్చిభాషలో నా జాతిని మూఁడాకుల గడ్డిపేరఁ గ్లావర్ అందురు. కళావరు దానినుండి వచ్చినదే. ఆఠీను అను పేరునకుఁ గూడ నాంగ్లమగు హార్టుకంటె డచ్చివారి హార్టెన్ అను పదము దగ్గఱగా నున్నది. డచ్చివారు 1605వ సంవత్సరమున మచిలీపట్టణమునఁ దమ వర్తకస్థానమును నెలకొల్పిరి. పిదపఁ బులికాటున స్థిరపడిరి. తీరమందలి యీ సహవాసమున నేర్పడిన మాటలు, వారి వర్తక మడుగంటిన పిదపఁ గూడఁ దెలుగువారి పేకలో నిలిచియున్నవి.

ముక్కలను దీయుచుఁ బాఱవేయుచు వరుసలను జట్లను గూర్చు నాటలలో మొదటివానిలో నొకటి కాంకియన్. ఇది మెక్సికోలోను దాని పొరుగున నున్న యమెరికా ప్రాంతములలోను 40 ముక్కలతో నాడఁబడుచుండెను. ఆర్. ఎఫ్. ఫాస్టరు 1897లోఁ బ్రకటించిన క్రీడాగ్రంథమున దీనిని వర్ణించెను. ఇరువదవ శతాబ్ది యారంభమున నీ కుటుంబపు టాటలు రమ్మీ యను పేర నమెరికాయందు వ్యాపించినవి. అచ్చటి జిన్ రమ్మీలోఁ బంచునవి పది ముక్కలు. భారతీయుల రమ్మీలోఁ బంచునవి పదుమూఁడు. అంతకంటె ముఖ్యమగు భేద మింకొకటి కలదు: జోకరు సాయము లేని వరుస యొకటి తప్పక యుండవలె నను నియమము. ఈ యొక్క నియమమే యాట స్వరూపమును నిర్ణయించుచున్నది.

3. నేర్చువాని నియమములు

ఇద్దఱు మొదలు ఆఱుగురు వఱకు నీ యాట నాడుదురు. ఇద్దఱికంటె నెక్కువమంది యున్నప్పుడు సాధారణముగా రెండు పేకలు, అనఁగా 104 ముక్కలు, వానితోఁగూడఁ బేక కొకటి చొప్పున నచ్చు జోకర్లు రెండు చేర్చి కలుపుదురు. ఒకఁడు కలిపినదానిని వేఱొకఁడు కోయును. తలకుఁ బదుమూఁడు ముక్కలు పంచి, మిగిలిన కట్టను నడుమ బోర్లింతురు. దానినుండి యొక ముక్కను దీసి వెల్లకిల వేయుదురు. పాఱవేయఁబడు ముక్కల గుట్ట కదియే మొదలు. మఱియొక ముక్కను దీసి కట్ట క్రిందఁ గనఁబడునట్లు పెట్టుదురు. ఆ ముక్క యే యంకె గలదో, యా యంకె గల ముక్కలన్నియు నే జాతివైనను నా యాటకు జోకర్లు. రెండు పేకలలో నట్టివి యెనిమిది. ఒకటి కట్టక్రిందనే యుండుటచే నాటలోఁ దిరుగునవి యేడు. అచ్చు జోకర్లు రెండింటితోఁ గూడ మొత్తము తొమ్మిది.

వంతు వచ్చినవాఁడు కట్టపై నున్న తెలియని ముక్కనుగాని, గుట్టపై నున్న తెలిసిన ముక్కనుగాని యొకదానిని దీసికొని, తన చేతిలోని ముక్క నొకదానిని బాఱవేయవలెను. ఇట్లు ప్రతివంతునను జేతిలోఁ బదుమూఁడే నిలుచును. ఈ పదుమూఁటిని మూఁడేసి, నాలుగేసి ముక్కల కూర్పులుగాఁ జేయుట గమ్యము. సామాన్యముగా మూఁడు మూఁళ్లును నొక నాలుగును నగును. కూర్పులు రెండు తెఱఁగులు. ఒకే జాతిలో వెంటవెంట వచ్చు నంకెలు వరుస యగును: ఇస్పేటు 5, 6, 7 వంటిది. ఒకే యంకె వేఱువేఱు జాతులలోఁ గూడినచో జట్టగును: ఇస్పేటు, కళావరు, ఆఠీను జాతుల తొమ్మిదులు మూఁడు వంటిది. ఆసు రెండు, మూఁడుల ముందుఁ జేరును. రాణి, రాజుల వెనుకను జేరును. కాని రాజు, ఆసు, రెండు అని చుట్టి వచ్చుట చెల్లదు.

చేతిలో రెండు వరుసలైన నుండవలెను. అందొకటి జోకరు సాయము లేని శుద్ధమైన వరుస కావలెను. మన యాటగాండ్రు దీనిని లైఫు అందురు; అది లేనివాని చేతికిఁ బ్రాణము లేదని భావము. కూర్పు ముగిసినవాఁడు పదునాలుగవ ముక్కను బోర్లించి షో చెప్పును. తక్కినవా రప్పుడు తమ చేతిలోఁ గూడని ముక్కల విలువను లెక్కింతురు. ఆసు, రాజు, రాణి, జాకీలకుఁ బదేసి, తక్కినవానికి వాని యంకె, జోకరునకు సున్న. శుద్ధవరుస లేనివాఁడు తన ముక్కలనన్నిఁటిని లెక్కింపవలెను. ఆ లెక్క యెంతయైనను 80కి మించనీయరు. తప్పు షో చెప్పినవానికిని 80. మొదటనే ముక్కలు చూచుకొని యాట విడిచినవానికి 20, నడుమ విడిచినవానికి 40 అనుట వాడుక.

4. నియమములలో నున్న నేర్పు

ఇంతవఱకుఁ జెప్పినది కంఠస్థము చేయుటకు నొక గడియ చాలును. అటుపైని నేర్చువాఁడు తెలిసికొనవలసినది లెక్క. చేతిలో నాఱు, ఏడు కళావరులున్నచో, అయిదు వచ్చినను నెనిమిది వచ్చినను వరుస యగును. రెండు పేకలలో నట్టి ముక్కలు నాలుగు. ఆఱు, ఎనిమిది యున్నచో నేడు మాత్రమే కావలెను, అట్టివి రెండే. ఆసు, రెండు ఉన్నచో మూఁడు మాత్రమే, అవియు రెండే. ఇస్పేటు, ఆఠీను తొమ్మిదు లున్నచోఁ దక్కిన రెండు జాతుల తొమ్మిదులు నాలుగు పనికివచ్చును. కాని యా కూర్పు జట్టగునే కాని వరుస కాదు. కావున శుద్ధవరుస లేనివాఁడు జంటను విడిచి చేరువ యంకెలను నిలుపుకొనుట యుక్తము.

ఈ లెక్క యాట సాగినకొలఁది మాఱును. ఎదుటివాఁడు కళావరు ఎనిమిదిని బాఱవేసినచో నాలుగు మూఁడగును. వేఱొకఁడు గుట్టనుండి కళావరు అయిదును దీసికొన్నచో మూఁడు రెండగుటయే కాదు, ఆతఁడా ప్రాంతముననే వరుస గూర్చుచున్నాఁడని తెలియును. అప్పు డేడును బట్టుకొని యుండుట కూర్పునకుఁ గాక యెదుటివాని నడ్డుకొనుటకు నక్కఱకు వచ్చును. రాజు, రాణులను జోకరు నాశతో నిలుపుకొన్నవాఁడు ఓడినచో నొక్కొకదానికిఁ బది మోయును. పంచునప్పుడు వచ్చిన ముక్కలు యదృష్టమునకుఁ జెందినవి. ఏ ముక్కను నిలుపవలె, నేది విడువవలె, నాట నెప్పుడు విడువవలె ననునది యాటగానికిఁ జెందినది. గుట్టలోఁ బడిన ముక్కలను గుర్తుంచుకొనుట రెండవదానికి మూలము.

5. సికింద్రాబాదు వ్యవహారము

ఆంగ్లపాలనమున 1867లో నేర్పడిన జూదశాసనము, దాని యడుగుజాడలలో నడచిన తక్కిన శాసనములు క్రొత్తప్రశ్న నొకదానిని బ్రవేశపెట్టినవి. జూదశాలను నడపుట నేరము. కాని కేవలము నేర్పుతోఁ గూడిన యాటలకుఁ బై నిషేధము వర్తింపదు. నిజాం రాష్ట్రమున ఫసలీ 1305వ సంవత్సరమున నేర్పడిన హైదరాబాదు జూదశాసనమునను నిట్టి మినహాయింపు కలదు. నేర్పన నెంత యుండవలె నను సంశయమునకు 1957లో సర్వోన్నత న్యాయస్థానము చమర్‌బాగ్‌వాలా వ్యవహారమున మార్గము చూపినది: అదృష్టము లేశమును లేని యాట యుండ నక్కఱలేదు, నేర్పు ప్రధానమైనచోఁ జాలును.

1963వ సంవత్సరము మే 4వ తేదీన సికింద్రాబాదులోని యొక వినోదసంఘముపై రక్షకభటులు దాడి చేసి, రమ్మీ యాడుచున్నవారిని, సంఘమును నిర్వహించువారిని బట్టుకొనిరి. క్రింది న్యాయస్థానము శిక్ష విధించెను. సెషన్సు న్యాయాధిపతి యా శిక్ష నిలువఁదగదని యున్నత న్యాయస్థానమునకు నివేదింపఁగా నది దానిని గొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమున నప్పీలు చేసికొనెను. 1967 నవంబరు 22వ తేదీన హిదాయతుల్లా న్యాయమూర్తి చెప్పిన తీర్పుచే నా యప్పీలు త్రోసివేయఁబడినది.

రమ్మీ మూఁడు ముక్కలాటవలెఁ గేవలము యదృష్టముపై నాధారపడినది కాదనియు, బడిన ముక్కలను జ్ఞప్తియం దుంచుకొనుట, ముక్కలను నిలుపుకొనుట, విడుచుట యందు గణనీయమగు నేర్పు కావలె ననియు, బంపకమున నుండు నదృష్టము బ్రిడ్జి యాటలో నుండునట్టిదే యనియు న్యాయస్థానము నిర్ణయించినది. నేర్చువాఁడు రెండవదినమునఁ దెలిసికొను లెక్కయే యిచ్చట న్యాయసిద్ధాంత మైనది. లోకమున మిగిలినది యీ భాగమే. రమ్మీ నేర్పుగల యాట, కావున నేరము కాదు అను వాక్యముగా నది జనుల నోట స్థిరపడినది.

కాని యా తీర్పు నంతటితో ముగియలేదు. మఱియొకవిధముగా జూదము జరిగినట్లుగాని, గృహస్వామియో సంఘమో పణ మొడ్డి యాడు రమ్మీవలన లాభము పొందుచున్నట్లుగాని సాక్ష్యమున్నచో నేర మేర్పడవచ్చు నని న్యాయస్థానము స్పష్టముగాఁ జెప్పెను. సంఘము ముక్కల కొఱకు మితముగాఁ బుచ్చుకొను రుసుము లాభము కాదనియు, నా వ్యవహారమున లాభమునకుఁ దగిన సాక్ష్యము లేదనియు మాత్రమే యభియుక్తులు విడువఁబడిరి. ఆట స్వభావ మొక ప్రశ్న. ఆడించువాని లాభము వేఱొక ప్రశ్న. రెండవది క్రొత్తది కాదు. సభికుని భాగ మెంత యని యాజ్ఞవల్క్యుఁడును, జూద మెచ్చట నెవని చేత నడపఁబడవలె నని కౌటిల్యుఁడును విచారించినది దీనినే.

6. తరువాతి చరిత్రము

1974వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ జూదశాసనమునను నేర్పుటాటల మినహాయింపు నిలిచినది. అర్ధశతాబ్ది కాలము సంఘములలోని రమ్మీ యా నీడను సాగినది. ఆట యంతర్జాలమున కెక్కినపుడు స్థితి మాఱినది. చాపపై నలుగురు గూర్చున్నచోట నాడించువాఁడు వేఱుగా లేఁడు. అంతర్జాలమున నాడించు సంస్థ ప్రతియాటనుండి తన భాగమును దీసికొనును. ఎవఁ డోడినను దానికి నష్టము లేదు. ఎవనికి నేర్పున్నను లేకున్నను దాని భాగము దానికి వచ్చును. అయినను నీ సంస్థలు తమకుఁ గవచముగాఁ జూపినది 1967వ తీర్పులోని మొదటి భాగమును.

తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను దమ శాసనములను సవరించి, ధనము పణముగా నంతర్జాలమున నాడు రమ్మీని నిషేధించినవి. 2025 ఆగష్టున భారత పార్లమెంటు చేసిన యంతర్జాలక్రీడల శాసనము పణ మొడ్డు నంతర్జాలపు టాటను, నది నేర్పుతోఁ గూడినదైనను, నదృష్టముతోఁ గూడినదైనను, నడపుటను నిషేధించినది. దాని శిక్షలు ఆడువారికిఁ గాక, ఆడించువారికిని, బ్రకటనలు చేయువారికిని, ధనము చేరవేయువారికిని విధింపఁబడినవి. ఆ శాసనపుఁ జెల్లుబాటు న్యాయస్థానములయందుఁ బ్రశ్నింపఁబడినది. దాని ఫల మెట్లున్నను, 1867లో మొదలైన నేర్పు, అదృష్టముల విచారణను బ్రక్కకుఁ బెట్టి, శాసనకర్తలు మరల నాడించువాఁ డెవ్వఁడు, భాగ మెవ్వనిది యను ప్రాచీనప్రశ్నకు వచ్చుట గమనింపఁదగినది.

నేర్పు గలదను మాట సత్యమే. కాని నేర్పు గలదనుట వలన నష్టము లేదని తేలదు. నలుగు రాడినచో నలుగురును నేర్పరులైనను నొకఁడే గెలుచును. నేర్పుపై నమ్మకము పణమును దగ్గింపదు, పెంచును. సంస్కృత భారతమున నలుని కథ దీనికి నిదర్శనము. మొదటి జూదమున సర్వస్వము నోడినను దమయంతిని బణముగా నొడ్డుమని పుష్కరుఁ డడిగినప్పుడు నలుఁ డొల్లక వెడలిపోయెను. అక్షహృదయమును నేర్చి తిరిగివచ్చిన పిదప నామెను దానే పణముగా నొడ్డెను. ఆ పందెమున నలుఁడు గెలిచెను గాన కథ శుభాంతమైనది. ఓడినచో నేమగునో కథ చెప్పలేదు. చింతపిక్కలతో రమ్మీ నేర్చు పిల్లవానికి మాత్ర మా ప్రశ్న పుట్టదు. ఆట ముగిసినపిదపఁ బిక్క లందఱివియుఁ గలిసి యొకే డబ్బాలోనికిఁ బోవును.